కమ్మల కప్పుకు కింది మనిషి

మొన్న ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం పూట, వేపచెట్టు వాకిలి నిండా రాల్చిన ఎండుటాకును ఊడ్చి, తగలబెట్టడానికి ఒక మూలకు చేర్చి, అన్నం తిని ఫ్యాను కింద నడుం వాల్చానో లేదో మా మనవరాలు ఫోను పట్టుకొని ఉరుక్కుంటూ వచ్చింది. "నాయినమ్మా, జర లేవరాదు, పెద్దనాయినమ్మ ఫోన్ల వచ్చింది" అంటే, ఆమె ఏదో పనిబడి మాట్లాడుతున్నదేమోనని ఫోను అందుకొని చెవికి పెట్టుకున్నాను. పెట్టుకోవలసింది చెవికి కాదట, కళ్ళకట. అద్దాలు వెతికి పెట్టుకొని చూద్దును గదా, మా యారాలు! యారాలంటే మా వైపు తోటికోడలు. ఈమె మా బావగారి భార్య, వయసులో నాకంటే కొంచెం పెద్దది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. ఆ పిలుపుల్లో ఉన్నంత తీపి మా మధ్య ఎన్నడూ లేదని మా ఊళ్ళో కోళ్ళకు కూడా తెలుసు.

ఆ మహాతల్లి పట్టుచీర కట్టుకొని, భుజాల మీద జరీ అంచు శాలువా కప్పుకొని, పేము కుర్చీలో దొరసానిలా కూర్చొని ఉన్నది. చిన్న మంగళారం అనే ఊళ్ళో పట్నం వాళ్ళెవరో ఫామ్‌హౌస్ కట్టుకుంటూ, సిమెంటు వద్దు రేకు వద్దు, పాతకాలం పద్ధతిలో ఎండు తాటికమ్మలతోనే కప్పిస్తామని, తోటలో కూడా మడుల నిండా ఎండుటాకు పరిచి కూరగాయలు పండిస్తామని, ఇవన్నీ తెలిసిన మనిషి కోసం ఊరూరా అడిగి ఈమెను పట్టుకున్నారట. పడుచుపిల్లలు చుట్టూ కింద కూర్చొని నోళ్ళు తెరుచుకొని వింటున్నారు. బొమ్మ అడుగున ఏవో అక్షరాలు పడితే మనవరాలు చదివి చెప్పింది, "కమ్మల అవ్వ" అని పేరు కూడా పెట్టారట. అంతవరకు ఎట్లాగో ఓర్చుకున్నాను. "మా ఇంట్ల కొట్టంగాని, వంటిల్లుగాని, కప్పులన్ని నేనే కప్పిన బిడ్డా. ఎంత వానొచ్చినా బొట్టు కింద పడనిచ్చిన్నా!" అని ఆమె చెయ్యి తిప్పినప్పుడు మాత్రం, ఆ "నేనే" అన్న ముక్క దగ్గర నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ, స్లాబు కింద పుట్టి స్లాబు కింద పెరిగిన పిల్లల కోసం చెబుతున్నాను, కమ్మల కప్పు ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఒకరు మీద ఉండాలి, ఒకరు కింద ఉండాలి. మీది మనిషి చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక వరస మీద సగం ఎక్కేట్టుగా ఇంకో వరస పరుచుకుంటూ పైకి పోతుంది. వెదురు బద్దను చెక్కి చేసిన పొడుగాటి సూదికి నారతాడు ఎక్కించి కమ్మల సందులోంచి లోపలికి దించుతుంది. లోపల ఉన్న కింది మనిషి ఆ సూదిని అందుకొని, తాడును వాసం చుట్టూ తిప్పి, బిర్రుగా గుంజి పట్టుకొని, సూదిని మళ్ళీ పైకి పొడిచి "ఊఁ" అనాలి. ఆ "ఊఁ" చెవిన పడితేనే మీది మనిషి తాడు లాగి ముడి వేస్తుంది. తొందరపడి ముందే లాగిందంటే తాడు వాసాన్ని పట్టుకోదు, తొలి గాలివానకే ఆ కమ్మలు లేచి పక్కవాళ్ళ పెరట్లో పడతాయి. అంటే మా ఇంటి కప్పులో ఉన్న ప్రతి ముడికీ సగం ఆమె చెయ్యి, సగం నా చెయ్యి. ఆ నా సగాన్ని నలుగురిలో కూర్చొని గుటుక్కున మింగేసింది. పేరు చెప్పకపోతే పోనీ, కింద మా చెల్లె ఉండేదని ఒక్క మాట అంటే ఆమె భుజం మీది శాలువా జారిపోయేదా?

ఆ సాయంత్రం నేను చాయ కూడా తాగలేదు. కొడుకు నవ్వి, ముసలితనాన ఏదో అన్నది, పోనీ అమ్మా అన్నాడు. వాడికేం తెలుసు, ఈ కడుపుమంట మొన్నటిది కాదు, నేను కాపురానికి వచ్చిన ఏటి నుంచి రాజుకుంటూ ఉన్నది.

నేను శంకర్‌పల్లి పిల్లను. మా పుట్టింటిది గూనపెంకల ఇల్లు, రైలు కూత విని పొద్దు తెలుసుకునేవాళ్ళం, ఏ కమ్మ ఎందుకు పనికొస్తుందో నాకు ఏమీ తెలియదు. నన్ను ఇచ్చిన ఊరు మొయినాబాద్ దాటి చేవెళ్ల దారిలో పోతే వస్తుంది. మా అత్తగారింట్లో ముందు భాగం మాత్రం పెంకులు. వెనక వంటిల్లు, దాని పక్కన బర్రెల కొట్టం, రెండూ తాటికమ్మలవే. మా యారాలిది ప్రొద్దుటూరు. వాళ్ళ బాపు కప్పులు కప్పడంలోనూ పెండ్లిపందిళ్ళు వేయడంలోనూ పేరుమోసినవాడు. మగపిల్లలు లేకపోయేసరికి ఈమెనే వెంటబెట్టుకొని తిరిగాడట. అందుకని ఆమె అత్తగారింటికి వస్తూ వస్తూనే విద్య పట్టుకొచ్చింది, నేనేమో ఇత్తడి బిందె పట్టుకొచ్చాను.

నేను వచ్చిన ఏడాదే ఎండాకాలంలో మా మామ కొట్టం మీదినుంచి జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాడు. మా బావ, మా ఆయన తెల్లవారకముందే కూరగాయల గంపలతో పట్నం బస్సెక్కితే మళ్ళీ పొద్దుగూకినాకనే ఇల్లు చేరేవారు. పాతకప్పు అప్పటికే విప్పేసి ఉన్నది, వాసాలు ఎముకల్లా బయటపడి ఉన్నాయి, మృగశిర కార్తె నెత్తిమీదికి వచ్చేసింది. ఊళ్ళో కప్పు కప్పేవాళ్ళందరూ వేరే ఇండ్ల మీద ఉన్నారు, వానలోపల మా ఇంటికి వచ్చే దిక్కు లేదు. మా అత్త మంచం పట్టిన మామను చూసుకుంటుందా, వానకు తడవబోయే బర్రెలను చూసుకుంటుందా! అప్పుడు మా యారాలు ఎవరినీ అడగలేదు, చీరను గోచి పోసి బిగించి, నడుముకు తాడు చుట్టుకొని నిచ్చెనెక్కింది. ఆడది కప్పెక్కడమా అని పొద్దున ముక్కు మీద వేలేసుకున్నవాళ్ళే సాయంత్రానికి చంకల్లో పిల్లలను వేసుకొని చూడటానికి వచ్చారు. పొద్దున్నే అత్త నా వైపు తిరిగి "నువ్వేమన్న సుట్టానివా, పోయి కింద కూసో" అన్నది. అట్లా ఆ రోజు కింది మనిషినైనదాన్ని, మా ఇంటి మీద కమ్మలున్నంత కాలం కింది మనిషిగానే ఉండిపోయాను.

కింద కూర్చోవడమంటే చల్లగా కూర్చోవడమని అనుకునేరు. ఎండాకాలం రాకముందే కల్లు గీసే గౌండ్లాయన కోసి పడేసిన పచ్చికమ్మలను మేమే మోసుకొచ్చి, ముడుచుకుపోకుండా ఒకదాని మీద ఒకటి పరిచి, మీద బండరాళ్ళు పెట్టి, నెలల తరబడి ఎండబెట్టేవాళ్ళం. కప్పబోయే ముందటి సాయంత్రం వాటి మీద నీళ్ళు చిలకరించాలి, లేకుంటే అప్పడాల్లా విరుగుతాయి. ఇంత చేసినా ఎండుకమ్మ ఎండుకమ్మే. మీద ఆమె ఒక్క అడుగు వేస్తే కింద నా నెత్తి మీద దుమ్ము, నలుసులు, చీమలు, ఒక్కోసారి తేలుపిల్ల కూడా రాలేది. కండ్లు మూసుకుంటే సూది కనబడదు, తెరిస్తే దుమ్ము. మెడ ఎత్తి ఎత్తి రాత్రికి అన్నం ముద్ద మింగుడు పడేది కాదు. ఒక వరస అయ్యాక లోపలినుంచి చూస్తే ఎక్కడెక్కడ కమ్మ పలచబడిందో అక్కడ ఎండ చుక్కల్లా మెరిసేది. నేను కట్టెతో ఆ చుక్కను పొడిస్తే మీద ఆమె అక్కడ ఇంకో కమ్మ దూర్చేది. ఆమె గొప్పగా చెప్పుకున్న ఆ కింద పడని వానబొట్టు ఉన్నదే, దాన్ని ఆపిన కన్ను నాది. మీదున్నవాళ్ళకు ఆ చుక్కలు కనబడవు.

దానికి తోడు మా అత్త కాపలా. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. కప్పు కప్పే రోజుల్లో బొంత తెచ్చుకొని నా పక్కనే పరుచుకొని, నార చీలుస్తూ, తాడు పేనుతూ, గట్టిగ గుంజు, వాసానికి అటు దిక్కు తిప్పు, నిద్రపోతున్నవా అని నా ప్రాణం తీసేది. నాకు పని రాదని, నా మీద నమ్మకం లేకనే అట్లా పక్కలో బల్లెంలా కూర్చునేదని నా బాధ. నా రెండు చేతులూ సూది మీద, తాడు మీద ఉండేవి కనుక, ఆకలి వేళకు వేయించిన పల్లీలు ఇంత, బెల్లం ముక్క ఇంత ఆమే నా నోట్లో పెట్టేది. ఆ బెల్లంలో కప్పు మీది దుమ్ము పడి పళ్ళ కింద కరకరమనేది. అదేం తిండి అని లోలోపల ఏడ్చేదాన్ని.

మీద మాత్రం వైభోగమే. దారిన పోయేవాళ్ళు ఆగి, ఆ మీదున్నది ఎవరింటి కోడలని అడిగేవారు. బస్సు దిగినవాళ్ళు అడిగేవారు, పాలకు వచ్చినవాళ్ళు అడిగేవారు. చూరు కిందికి వంగి, లోపల ఎవరన్నా ఉన్నారా అని చూసినవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. సూది దానంతట అదే లోపలికి పోయి దానంతట అదే పైకి వస్తున్నదనుకున్నారో ఏమో! ఇక మా ఇంటి ఆనవాయితీ ఒకటుండేది. కప్పు కొసకు చేరి నడినెత్తిన కొప్పు కట్టిన రోజు, పసుపు రాసిన కమ్మ ఒకటి దానికి కట్టి, కొబ్బరికాయ కొట్టి, మీది మనిషి నిచ్చెన దిగగానే బొట్టుపెట్టి రవికగుడ్డ చేతిలో పెట్టేవారు. మామ ఎక్కిన కాలంలో ఆయనకు తువ్వాల పెట్టేవారట. కింది మనిషికి ఏం పెట్టాలో పెద్దలెవరూ చెప్పిపోలేదు. ఆమె ఆ రవికగుడ్డలన్నీ కుట్టించుకొని, బతుకమ్మకొకటి, పీర్ల పండుగకొకటి తొడుక్కొని తిరుగుతుంటే నా కండ్లలో మళ్ళీ కప్పు దుమ్ము పడినట్టుండేది.

రవికగుడ్డతో ఆగినా బాగుండును. విప్పిన పాతకమ్మ ఊరికే పోయేది కాదు మా ఇంట్లో. కొట్టం మీది కమ్మ ముక్కలు ముక్కలుగా నరికి బర్రెల కింద పరిస్తే, అవి పేడా ఉచ్చా పీల్చుకొని పెంటకుప్పకు చేరి ఏడాది తిరిగేసరికి నల్లటి ఎరువయ్యేవి. వంటింటి మీది కమ్మ సంగతే వేరు. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ తాగి తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది, దానికి పురుగు ముట్టదు, చెద పట్టదు. దాన్ని చీల్చి వంకాయ చెట్ల కింద, టమాట చెట్ల కింద దట్టంగా పరిస్తే ఎండలు మండినా మట్టిలో తడి ఆరేది కాదు, కలుపు తలెత్తేది కాదు. మా ఇద్దరికీ బావి దగ్గర పక్కపక్కనే కూరగాయల మడులుండేవి. కప్పెక్కిన కష్టం ఆమెది కదా, పొగకమ్మ ఆమెకే పోవాలని మా అత్త తీర్పు. నా మడులకు కొట్టం కమ్మ మిగిలేది, చాలకపోతే వాగు గట్టున కానుగ చెట్లు రాల్చిన ఆకును గంపలకెత్తి తెచ్చి పరుచుకునేదాన్ని. కానుగాకు తక్కువదేం కాదు, మెత్తగా మాగి మట్టిని వెన్నలా చేస్తుంది, నా టమాటాలు నవనవలాడుతూ కాసేవి. అయినా మా ఆయన పట్నం నుంచి తిరిగొచ్చి, అన్న గంపలోని వంకాయలు చేతికి తగలకముందే అమ్ముడుపోయాయని, వదిన చెయ్యి మంచిదని మురిసిపోతూ చెప్పేవాడు. చెయ్యి మంచిది కాదు, కమ్మ మంచిదని నేను అనేదాన్ని. రెండూ మంచివే కావచ్చునని ఆయన అనేవాడు. ఆ రాత్రి ఆయనకు వట్టి పచ్చిపులుసే.

తరువాత కాలం మారింది. మా ఊళ్ళో ఒక్కొక్క ఇంటి మీదికీ రేకులు వచ్చాయి, రేకుల వెనక స్లాబులు వచ్చాయి. కమ్మలింట్లో ఉన్నవాళ్ళకు పిల్లనివ్వరనేదాకా వచ్చింది. మా బావ, మా ఆయన వేరుపడి చెరో స్లాబు వేసుకున్నారు, పాతకమ్మల ఆఖరి మోపు ఎవరి పెంటకుప్పకు పోయిందో కూడా ఎవరూ పట్టించుకోలేదు. మామ పోయాడు, అత్త పోయింది, ఆ తరువాత బావ, మా ఆయన కూడా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మా యారాలి ఇల్లు ఊరికి ఆ కొసన, నాది ఈ కొసన. కప్పే లేనప్పుడు మీదేమిటి, కిందేమిటి, ఇకనైనా ఆమె, నేను సమానమే కదా అని ఇన్నేళ్ళు నిమ్మళంగా ఉన్నాను. మేము కమ్మల కింద ఉన్నప్పుడు అది బీదతనం, ఇప్పుడు పట్నం వాళ్ళు ఉంటే అది పర్యావరణం; సరే, ఎట్లాగైనా ఆకుకు మళ్ళీ మంచి రోజులు వచ్చాయి, సంతోషమే. ఆ మంచి రోజులన్నీ ఆమె ఒడిలోనే ఎందుకు పడాలి?

మర్నాడు నేనే ఆటో మాట్లాడుకొని పోయి నలుగురి ముందూ అడిగేస్తానని కూర్చుంటే, నా పని తేలిక చేస్తున్నట్టు వాళ్ళ కారే వచ్చి మా వాకిట్లో ఆగింది. డ్రైవరు దిగి "పెద్దవ్వ మిమ్మల్ని తోల్కరమ్మన్నది. పని ఆగిపోయిందమ్మా, జర జల్ది రావాలె" అన్నాడు. నేను జల్దీ ఏమీ రాలేదు. పెట్టె తీసి నా పట్టుచీర కట్టుకొని మరీ వచ్చాను. నాకూ ఒకటున్నదని ఆమెకు తెలియాలి కదా.

చిన్న మంగళారం చేరేసరికి ఎండ ముదిరింది. మొక్కల పాదుల్లో దట్టంగా ఎండుటాకు పరిచి ఉన్నది, పక్కన ఎండుకమ్మల కుప్పలు, వాటి మీద ఇంకా ఆరని తడి. అవి చూడగానే, ఎన్నేళ్ళకో తగిలిన ఆ వాసనకు, కోపం ఒక్క క్షణం ఎటో పోయి మళ్ళీ వచ్చింది. చూరు పక్కన నిలబడటానికి ఎత్తుగా బల్ల వేసి ఉంటే దాని మీద మా యారాలు సూది పట్టుకొని నిలబడి ఉన్నది. పైకి ఎక్కే వయసు దాటింది కనుక ముందు వరసలు ఆమె కట్టి చూపిస్తే తక్కినవి పిల్లలు కడతారట. ఆ ఇల్లు కట్టించుకుంటున్న అమ్మాయి నా దగ్గరికి ఉరికి వచ్చింది. "అవ్వ నిన్నటి సంది సూది దించుతది, ఆగుతది, మళ్ళ మొత్తం విప్పుతది అమ్మమ్మా. మేం కింద కరెక్టుగనే తిప్పి పంపుతున్నం, ఓకే అని కూడ చెప్తున్నం. అయినా ముడేస్తలేదు" అని వాపోయింది.

మీదినుంచి మా యారాలు అందుకున్నది. "సూది పోతున్నది, సూది వస్తున్నది, మనిషి పలుకుతలేదు. ఓకే అంటే ఏం తెలుస్తది? నాకు చెయ్యి ఆడుతలేదు. కింద మా చెల్లె ఉండాలె."

ఆ మాటకే నేను కరిగిపోవలసింది. కానీ రాత్రంతా కూడబెట్టుకున్న మాట గొంతులో సిద్ధంగా ఉన్నది, దాన్ని మింగడం నా వల్ల కాలేదు. "నేనెందుకక్కా ఇగ? కప్పులన్ని నేనే కప్పిన అని ఫోన్ల చెప్పితివి గద" అని, అందరూ వినేటట్టు గట్టిగానే అన్నాను. పిల్లలు పని ఆపి మా ఇద్దరి మొహాలు చూడటం మొదలుపెట్టారు.

ఆమె తడబడుతుందనుకున్నాను. తడబడలేదు. సూదిని కమ్మలో గుచ్చి, బల్ల మీద కూర్చొని, నా కళ్ళలోకి చూస్తూ అన్నది. "అవ్, చెప్పిన. చెప్తే ఏమాయె? నువ్వు అత్తమ్మ పక్కన నీడకు కూసొని ముచ్చట్లు పెడుతుంటివి. ఆమె నీ నోట్ల పల్లీలు పెట్టుడు, బెల్లం పెట్టుడు, మీరిద్దరు కిలకిల నవ్వుడు. నేను మీద ఎండల ఒక్కదాన్నే మాడుకుంట, మీ నవ్వులినుకుంట ముడులేసిన. నా నోట్ల ఎవ్వలన్న బెల్లం ముక్క పెట్టిన్రా? ఆమె నాకు రవికగుడ్డ పెట్టింది గని, పక్కన ఒక్కనాడు కూసోలేదు. అత్తమ్మ నీకు దక్కె. కప్పన్న నాదని చెప్పుకోనియ్యవా?"

నవ్వడమేమిటి, మేమెప్పుడు నవ్వామని అడగబోతుంటే, ఎక్కడినుంచో మా అత్త గొంతు జ్ఞాపకం వచ్చింది. తిట్లు అయిపోయినాక ఆమె తన కాపురం తొలినాళ్ళ ముచ్చట్లు చెప్పేది, మామ గురకను అచ్చం అట్లాగే తీసి చూపించేది, నేను నవ్వు ఆపుకోలేక సూది జారవిడిచేదాన్ని, మళ్ళీ తిట్లు తినేదాన్ని. ఇన్నేళ్ళూ నాకు దుమ్మూ తిట్లే జ్ఞాపకమున్నాయి, నవ్వులు లేవు. ఆ నవ్వులన్నీ కమ్మల మీదున్న ఈమె దగ్గర భద్రంగా ఉన్నాయి. నేను ఆమె రవికగుడ్డలు చూసి కుళ్ళుకుంటుంటే, ఆమె నా నోట్లోని ఇసుక బెల్లానికి కుళ్ళుకున్నది. నా కడుపుమంట ఊరంతటికీ తెలుసు, ఆమెది కట్టుకున్నవాడికైనా తెలుసో లేదో. దాచుకోవడంలో కూడా ఆమెదే పైచేయి అయినందుకు నాకు ఆ నిమిషంలో కూడా కొంచెం మండింది, అబద్ధమెందుకు చెప్పాలి.

పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని లోపలికి పోయి, వాళ్ళు వేసిన పీట మీద కూర్చొని మెడ ఎత్తాను. కమ్మల సందులోంచి సూది దిగింది. తాడును వాసం చుట్టూ తిప్పి, గుంజి, సూదిని పైకి పొడిచి "ఊఁ" అన్నాను. మీద తాడు బిగిసిన చప్పుడు, కమ్మలు దగ్గరకు వచ్చిన చప్పుడు. మళ్ళీ సూది. మళ్ళీ "ఊఁ". నెత్తి మీద దుమ్ము రాలింది, కండ్లు మండాయి, అక్కడక్కడా ఎండ చుక్కలు మెరిస్తే కట్టెతో పొడిచి చూపించాను. ఆ అమ్మాయి ఎక్కడినుంచో బిస్కెట్ల పొట్లం తెచ్చి, నా చేతులు ఖాళీగా లేవని చూసి, ఒకటి నా నోటి దగ్గర పెట్టింది. నేను తల అడ్డంగా ఆడించి, ముందు మీదున్న అక్కకు ఇచ్చి రమ్మన్నాను. ఆమెకు చేతులు ఖాళీగానే ఉన్నా నోట్లోనే పెట్టమని చెప్పాను. కాసేపటికి మీదినుంచి నమిలే చప్పుడు వినబడింది, ఆ తరువాత సూది దిగింది.

ఆ వీడియో కూడా మనవరాలు చూపించింది. అందులో మా యారాలు నిండుగా కనబడుతుంది, నేను ఎక్కడా కనబడను. కమ్మల లోపలినుంచి నా "ఊఁ" మాత్రం వినబడుతుంది. ఎవరో ఆ గొంతు ఎవరిదని అడిగితే ఆమె, మా చెల్లెది, ఆ గొంతు లేకుంటే కప్పు లేదు అన్నది. నాకూ శాలువా కప్పారు. దానికి జరీ అంచు లేదు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎవరూ ఆకు తగలబెట్టడం లేదు. వారానికొకసారి ఆ ఫామ్‌హౌస్ ట్రాక్టరు వచ్చి ఇంటింటి ముందు ఎండుటాకు సంచులు ఎత్తుకుపోతుంది. నా వేపాకు సంచులు మా యారాలి సంచుల కంటే ఎప్పుడూ ఎక్కువే, కావాలంటే ట్రాక్టరు డ్రైవరునే అడగండి. ఇట్లా పోటీ పడుతున్నామన్న మాటే గానీ, పడుకునేది ఎవరి స్లాబు కింద వాళ్ళమే. సిమెంటు కప్పుకు మీది మనిషి అక్కరలేదు, కింది మనిషి అక్కరలేదు. దాని కింద పడుకున్న మనిషి ఉన్నదో లేదో మీదినుంచి అడిగేవాళ్ళుండరు. కమ్మల కాలంలో రోజంతా ఒకరి మీద ఒకరం పండ్లు నూరుకుంటూనే, ఒకరు పలకనిదే ఇంకొకరం ముడి వేయలేకపోయేవాళ్ళం.

ఈమధ్య మధ్యాహ్నం పూట ఆమె ఫోను చేస్తున్నది. ఈసారి నిజంగా చెవికి పెట్టుకునే ఫోనే. మోకాళ్ళ నొప్పులు, కోడలి వంట, వంకాయకు పట్టిన పుచ్చు, ఒకటి తరువాత ఒకటి చెప్పుకుంటూ పోతుంది, నేను "ఊఁ" కొడుతుంటాను. ఎప్పుడన్నా కునుకు పట్టి ఆగిపోతే ఆమె కూడా ఆగిపోతుంది. కాసేపు చూసి, "ఉన్నవా చెల్లె?" అంటుంది. ఉన్నానని చెప్పి ఫోను పెట్టేశాక నాకు మళ్ళీ కడుపుమంట మొదలవుతుంది, ఆ మాట అడగాలని నాకంటే ముందు ఆమెకెట్లా తోచిందని.